రొట్టె ఇచ్చి అక్షరం కొనుక్కున్నవాడు

1863 ఆగస్టు 10. అమెరికా రాజధాని వాషింగ్టన్. అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను కలవడానికి వచ్చినవాళ్లతో వైట్‌హౌస్ మెట్లు నిండిపోయి ఉన్నాయి. ఉద్యోగాలు అడగడానికి వచ్చినవాళ్లు కొందరు, సిఫారసులు పట్టుకొచ్చినవాళ్లు కొందరు. అందరూ తెల్లవాళ్లే. వాళ్ల మధ్య ఒక్కడే నల్లజాతి మనిషి నిలబడి ఉన్నాడు. వయసు 45 ఏళ్లు. సగం రోజైనా ఆగక తప్పదని అనుకుంటూ తన పేరున్న చీటీ లోపలికి పంపాడు. రెండు నిమిషాల్లోనే పిలుపు వచ్చింది.

ఆయన పేరు ఫ్రెడరిక్ డగ్లస్. పాతికేళ్ల కిందట బానిసగా ఉండి పారిపోయినవాడు. నల్లవాళ్లు ఈ దేశ పౌరులు కాలేరని ఆ దేశపు సుప్రీంకోర్టు 1857లో తీర్పు చెప్పింది. పౌరుడే కాదని కోర్టు అన్న మనిషి దేశాధ్యక్షుడి ముందు కూర్చుని లెక్క అడగడానికి వచ్చాడు. ఏం అడిగాడో తెలుసుకునే ముందు అక్కడిదాకా ఎలా వచ్చాడో చూద్దాం.

పుట్టినరోజు తెలియని పిల్లవాడు

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, టాల్బట్ కౌంటీలో, 1818లో డగ్లస్ పుట్టాడు. తారీఖు ఆయనకు తెలియదు. బానిసల పిల్లలకు పుట్టినరోజు రాసిపెట్టే అలవాటు లేదు. పెద్దయ్యాక ఫిబ్రవరి 14ను తన పుట్టినరోజుగా తానే ఎంచుకున్నాడు. తల్లి హ్యారియెట్ బెయిలీ. ఆమెను వేరే పొలంలో పనికి పెట్టారు. పగలంతా చాకిరీ చేసి, రాత్రిపూట మైళ్ల దూరం నడిచి వచ్చి కొడుకును చూసిపోయేది. బిడ్డ చిన్నగా ఉండగానే చనిపోయింది. తండ్రి ఎవరో ఆయనకు కచ్చితంగా తెలియదు. తెల్లవాడని మాత్రం విన్నాడు. పెంచింది అమ్మమ్మ బెట్సీ.

ఎనిమిదేళ్ల వయసులో అతన్ని బాల్టిమోర్ నగరానికి పంపారు. హ్యూ ఆల్డ్, సోఫియా ఆల్డ్ అనే దంపతుల ఇంట్లో వాళ్ల పిల్లవాణ్ని చూసుకోవాలి. సోఫియాకు అంతకుముందు బానిసలను పెట్టుకున్న అలవాటు లేదు. అందుకే ఈ పిల్లవాణ్ని మామూలు పిల్లవాడిలాగే చూసి, అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. కొద్ది రోజులకు భర్త చూశాడు. చదువు నేర్పితే బానిస బానిసగా ఉండడని, ఇంకెప్పుడూ మాట వినడని చెప్పి పాఠాలు ఆపించాడు.

ఆ మాటలు పిల్లవాడి చెవిన పడ్డాయి. యజమాని దేనికి అంత భయపడుతున్నాడో, తనకు కావలసింది అదేనని వాడికి ఆ రోజే అర్థమైంది.

వీధి బడి

ఇక బడి లేదు, పంతులు లేడు, పలక లేదు. బాల్టిమోర్ వీధులే బడి అయ్యాయి. బయటికి పనిమీద పంపినప్పుడల్లా ఒక పుస్తకం, కొన్ని రొట్టె ముక్కలు వెంట తీసుకెళ్లేవాడు. ఆ వీధుల్లో పేద తెల్లపిల్లలు ఉండేవారు. ఆల్డ్ ఇంట్లో తిండికి లోటు లేదు, ఆ పిల్లలకు ఆకలి. రొట్టె వాళ్లకిచ్చి పాఠం తాను తీసుకునేవాడు.

రాయడం ఓడల రేవులో నేర్చుకున్నాడు. వడ్రంగులు ఓడకు చెక్కలు సిద్ధం చేసి, ఎడమవైపు బిగించే చెక్కమీద ‘ఎల్’ అని, కుడివైపు చెక్కమీద ‘ఎస్’ అని గుర్తు పెట్టేవారు. అవి చూసి నాలుగు అక్షరాలు పట్టుకున్నాడు. తర్వాత వీధి పిల్లలతో పందెం వేసేవాడు. తనకు వచ్చిన అక్షరాలు రాసి చూపించి, చేతనైతే నన్ను ఓడించండి అని రెచ్చగొట్టేవాడు. వాళ్లు ఉక్రోషంతో కొత్త అక్షరాలు రాసి చూపించేవారు. గోడలు, కంచెలు, నేల ఆయనకు పలక. సుద్దముక్క కలం. 12 ఏళ్ల వయసులో 50 సెంట్లు కూడబెట్టి ఒక ఉపన్యాసాల పుస్తకం కొన్నాడు. ఊరంతటి ముందు నిలబడి మాట్లాడడం ఎలాగో ఆ పుస్తకమే నేర్పింది.

తర్వాత మళ్లీ పల్లెకు, పొలం పనికి పంపారు. బానిసల పొగరు అణచడంలో పేరు మోసిన ఎడ్వర్డ్ కోవీ అనే రైతుకు 1834లో అద్దెకు ఇచ్చారు. నెలల తరబడి కొరడా దెబ్బలు తిన్నాక ఒక రోజు 16 ఏళ్ల ఆ కుర్రవాడు తిరగబడ్డాడు. చాలాసేపు పెనుగులాట జరిగింది. ఆ తర్వాత కోవీ అతని మీద చెయ్యి వేయలేదు. ఇంకో పొలానికి మారాక అక్కడి బానిసలను ఆదివారాలు చాటుగా కూడగట్టి చదువు చెప్పాడు. తనకు దొరికినది తనతోనే ఉంచుకోవాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

1838 సెప్టెంబరు 3న బాల్టిమోర్‌లో నావికుడి బట్టలు వేసుకుని, ఒక స్నేహితుడి కాగితాలు జేబులో పెట్టుకుని రైలెక్కాడు. కాగితంలో రాసిన పోలికలకు, ఈయన పోలికలకు పొంతన లేదు. టికెట్లు చూసేవాడు సరిగా చూడకపోవడంతో బతికిపోయాడు. ఒక రోజు గడవకముందే న్యూయార్క్ చేరాడు. ప్రయాణానికి సాయం చేసిన అన్నా మర్రే స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి యువతి. ఆమె కూడా వచ్చి చేరింది, ఇద్దరికీ పెళ్లయింది. పట్టుకునేవాళ్లకు దొరక్కుండా బెయిలీ అనే ఇంటిపేరు వదిలి డగ్లస్ అయ్యాడు.

మాటే ఆయుధం

1841లో బానిసత్వ వ్యతిరేకుల సభలో తొలిసారి తన కథ చెప్పాడు. అప్పటినుంచి ఊరూరా తిరిగి మాట్లాడడమే పని అయింది. ఇంత బాగా మాట్లాడేవాడు బానిసగా ఉండి ఉండడని జనం అనుమానపడ్డారు. దానికి జవాబుగా 1845లో ఊళ్ల పేర్లు, యజమానుల పేర్లతో సహా తన జీవితకథ అచ్చు వేశాడు. అది అందరూ చదివారు. దాంతో యజమాని మనుషులు పట్టుకుపోయే ప్రమాదం వచ్చింది. సముద్రం దాటి ఐర్లాండ్, బ్రిటన్ వెళ్లి దాదాపు రెండేళ్లు ఉన్నాడు. అక్కడి స్నేహితులు చందాలు వేసుకుని యజమానికి డబ్బు కట్టి చట్టప్రకారం విడిపించారు. తిరిగి వచ్చి 1847లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో సొంత పత్రిక పెట్టాడు.

ఆ ఊళ్లోనే ఒక సంగతి జరిగింది. తొమ్మిదేళ్ల కూతురు రొజెట్టాను ఆడపిల్లల బడిలో చేర్పించాడు. బడివాళ్లు ఆమెను వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. డగ్లస్ వెళ్లి నిలదీశాడు. పిల్లలను అడిగితే మా పక్కన కూర్చోమని అందరూ ఆమెను పిలిచారు. ఒక తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఒక్కడి కోసం పాపను బడి మానిపించమన్నారు. డగ్లస్ ఆ విషయం పత్రికలో బహిరంగంగా రాశాడు. ఆ ఊరి ప్రభుత్వ బడుల తలుపులు అందరికీ తెరిచేదాకా, అంటే 1857 వరకూ ఆ పోరాటం వదల్లేదు.

యుద్ధం ఎవరి కోసం?

1860 నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు ఉన్నారు. దక్షిణాది రాష్ట్రాల పత్తి తోటలు వాళ్ల రెక్కల కష్టం మీదే నడిచేవి. లింకన్ అధ్యక్షుడిగా గెలవగానే, బానిసత్వానికి ముప్పు వస్తుందన్న భయంతో దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే దేశం నుంచి విడిపోసాగాయి. మొత్తం 11 రాష్ట్రాలు విడిపోయాయి. 1861 ఏప్రిల్ 12న యుద్ధం మొదలైంది.

ఆ యుద్ధం సెగ మన ఊళ్లకూ తగిలింది. అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకు రావడం ఆగిపోయేసరికి భారతదేశపు పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. ధార్వాడ, బళ్ళారి, బేరార్ నల్లరేగడి నేలల రైతులు మంచి ధరలు చూశారు. యానాంకు దగ్గర్లోని కాకినాడ రేవు నుంచి గుంటూరు సీమ పత్తి ఓడలెక్కింది. యుద్ధం ముగిశాక ఆ ధరలు పడిపోయాయి.

మొదట్లో లింకన్ ప్రభుత్వం ఈ యుద్ధం దేశాన్ని కలిపి ఉంచడానికేనని చెప్పింది, నల్లవాళ్లను సైనికులుగా తీసుకోలేదు. డగ్లస్ ఇది తప్పని పత్రికలో పదేపదే రాశాడు. బానిసత్వం వల్ల వచ్చిన యుద్ధం బానిసత్వం పోతేనే ముగుస్తుందని ఆయన వాదం. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన మీద సంతకం చేశాడు. తిరుగుబాటులో ఉన్న ప్రాంతాల బానిసలు స్వతంత్రులని, నల్లవాళ్లు సైన్యంలో చేరవచ్చని అందులో ఉంది. ఆ రాత్రి డగ్లస్ బోస్టన్ సభలో వేలమందితో కలిసి తంతి కబురు కోసం ఎదురుచూశాడు. అయితే ఆ ప్రకటన తిరగబడని రాష్ట్రాలకు వర్తించదు. డగ్లస్ పుట్టిన మేరీల్యాండ్ వాటిలో ఒకటి. ఆయన పుట్టిన గడ్డమీద బానిసలు ఇంకా బానిసలే.

ఇద్దరు కొడుకులు, ఏడు డాలర్లు

మసాచుసెట్స్ రాష్ట్రం 54వ దళం పేరుతో నల్లవాళ్ల సైనిక దళాన్ని మొదలుపెట్టింది. డగ్లస్ ఊరూరా తిరిగి యువకులను చేరమని కోరాడు. ముందు తన ఇంటి నుంచే పంపాడు. లూయిస్, చార్లెస్ అనే ఇద్దరు కొడుకులు అందులో చేరారు.

1863 జులై 18 సాయంత్రం దక్షిణ కరోలినా తీరంలోని వాగ్నర్ కోట మీదికి 54వ దళం ముందు వరుసలో దూకింది. సుమారు 600 మందిలో 270 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. దళనాయకుడు కర్నల్ షా అక్కడే నేలకొరిగాడు. లూయిస్ బతికి బయటపడ్డాడు. చార్లెస్ జబ్బుచేసి ఆ పోరుకు వెళ్లలేదు. నల్లవాళ్లు యుద్ధం చేయలేరన్న మాట ఆ రోజుతో పోయింది. కోట మాత్రం ఆ రోజు చిక్కలేదు.

ఇక్కడే డగ్లస్ మనసు నలిగిపోయింది. తెల్ల సైనికుడి జీతం నెలకు 13 డాలర్లు, బట్టలు అదనం. నల్ల సైనికుడికి 10 డాలర్లు, అందులోంచి బట్టలకని 3 డాలర్లు కోత. చేతికి వచ్చేది 7 డాలర్లే. ఎంత బాగా పోరాడినా నల్లవాడికి అధికారి హోదా రాదు. అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి. పట్టుబడ్డ నల్ల సైనికులను యుద్ధ ఖైదీలుగా చూడబోమని, బానిసలుగా అమ్ముతామని లేదా చంపుతామని దక్షిణాది ప్రభుత్వం ప్రకటించింది. లింకన్ ప్రభుత్వం చాలాకాలం నోరు మెదపలేదు. తన మాట నమ్మి చేరిన కుర్రవాళ్లకు తాను ఏం జవాబు చెప్పాలి? ఆగస్టు మొదట్లో డగ్లస్ సైనికులను చేర్చే పని ఆపేశాడు. తోటివాళ్లు ఆ మాట నేరుగా అధ్యక్షుడికే చెప్పమన్నారు.

అలా ఆయన వైట్‌హౌస్ మెట్ల దగ్గరికి వచ్చాడు.

మూడు కోరికలు

లింకన్ లేచి చెయ్యి కలిపాడు. డగ్లస్ తన గురించి చెప్పబోతే అవసరం లేదని, ఆయన ఎవరో తెలుసునని అన్నాడు. డగ్లస్ మూడు విషయాలు అడిగాడు. ఒకే పనికి ఒకే జీతం ఇవ్వాలి. పట్టుబడ్డ నల్ల సైనికులకు తెల్లవాళ్లకున్న రక్షణే ఉండాలి. పరాక్రమం చూపినవాడికి పదోన్నతి రావాలి.

లింకన్ దాటవేయకుండా ఒక్కొక్కదానికీ జవాబిచ్చాడు. నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకోవడమే చాలామంది తెల్లవాళ్లకు గిట్టడం లేదని, తక్కువ జీతం ఆ వ్యతిరేకతను తట్టుకోవడానికి చేసిన సర్దుబాటని, చివరికి సమానం అవుతుందని చెప్పాడు. ఖైదీల విషయంలో జులై 30నే ఉత్తర్వు ఇచ్చాడు. అయితే ఒకరు చేసిన నేరానికి ఇంకొకరిని ఉరితీయడం తనకు కష్టమని ఒప్పుకున్నాడు. యుద్ధమంత్రి సిఫారసు చేసిన ఏ పదోన్నతి మీదైనా సంతకం పెడతానన్నాడు.

డగ్లస్‌కు ఈ జవాబులన్నీ నచ్చలేదు. కానీ ఎదుటి మనిషి నిజాయితీ మీద నమ్మకం కుదిరింది. మళ్లీ పనిలోకి దిగాడు. యుద్ధమంత్రి తనకు సైన్యంలో అధికారి హోదా ఇస్తానన్నాడని నమ్మి పత్రిక కూడా మూసేశాడు. ఆ నియామక పత్రం ఎప్పటికీ రాలేదు.

జీతం పోరాటం గెలిచింది సైనికులే. 54వ దళం వాళ్లు తక్కువ జీతం ముట్టుకోలేదు. తేడా తామిస్తామని రాష్ట్రం ముందుకొచ్చినా వద్దన్నారు. దయ కాదు, సమానత్వం కావాలన్నారు. ఇంటి దగ్గర భార్యాబిడ్డలు పస్తులున్నా ఏడాదికి పైగా జీతం లేకుండా పోరాడారు. చివరికి 1864 జూన్‌లో సమాన జీతానికి కాంగ్రెస్ చట్టం చేసింది.

చీకటి వేసవి

1864 వేసవిలో యుద్ధం సాగిసాగి జనం విసిగిపోయారు. నవంబరులో ఎన్నికలు. ఓడిపోతానని లింకనే నమ్మాడు. కొత్త అధ్యక్షుడు బానిసత్వాన్ని ఉండనిచ్చి సంధి చేసుకుంటే విముక్తి ప్రకటన చిత్తుకాగితం అవుతుంది. ఆగస్టు 19న లింకన్ ఈసారి తానే డగ్లస్‌ను పిలిపించాడు. ఎన్నికలలోపు వీలైనంత మంది బానిసలకు కబురు చేర్చి, ఉత్తరాది సైన్యం ఉన్నచోటికి తీసుకురావడానికి ఒక పథకం వేయమన్నాడు. బానిసగా పారిపోయినవాణ్ని, బానిసలను ఎలా తప్పించాలో చెప్పమని దేశాధ్యక్షుడు అడుగుతున్నాడు! పది రోజుల్లో డగ్లస్ పథకం రాసి పంపాడు. ఇంతలో సెప్టెంబరు 2న అట్లాంటా నగరం ఉత్తరాది సైన్యం చేతికి వచ్చింది. గాలి మారింది, లింకన్ గెలిచాడు. పథకంతో అవసరం లేకపోయింది.

ఆ నవంబరు 1న మేరీల్యాండ్ కొత్త రాజ్యాంగం బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ నెలలోనే డగ్లస్ బాల్టిమోర్ వెళ్లాడు. నావికుడి వేషంలో దొంగచాటుగా వదిలిన ఊళ్లో 26 ఏళ్ల తర్వాత పట్టపగలు అడుగుపెట్టాడు. అక్కడ ఒక చర్చిలో మాట్లాడాడు. ఆయన్ను వినడానికి అక్క ఎలైజా దూరం నుంచి వచ్చింది. బానిసత్వం విడదీసిన ఆ ఇద్దరూ ఎన్నో ఏళ్ల తర్వాత అక్కడ ఒకరినొకరు చూసుకున్నారు.

గుమ్మం దగ్గర ఆపారు

1865 జనవరి 31న బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణను ప్రతినిధుల సభ ఆమోదించింది. మార్చి 4న లింకన్ రెండోసారి ప్రమాణం చేశాడు. ఆ సాయంత్రం వైట్‌హౌస్ విందుకు వెళ్లిన డగ్లస్‌ను గుమ్మం దగ్గర పోలీసులు ఆపేశారు. నల్లవాళ్లను రానివ్వకూడదన్నారు. ఆయన లోపలికి కబురు పంపించి ప్రవేశం సంపాదించాడు. జనం మధ్యలోంచి వస్తున్న ఆయన్ను లింకన్ అందరికీ వినపడేలా స్నేహితుడని పలకరించాడు. తన ఉపన్యాసం ఎలా ఉందో చెప్పమని పట్టుబట్టి అడిగాడు. అది పవిత్రమైన ప్రయత్నమని డగ్లస్ మెచ్చుకున్నాడు.

ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో లింకన్‌ను కాల్చారు, మర్నాడు పొద్దున చనిపోయాడు. తర్వాత లింకన్ భార్య మేరీ తన భర్త చేతికర్రను జ్ఞాపకంగా డగ్లస్‌కు పంపింది. డిసెంబరు 6 నాటికి కావలసినన్ని రాష్ట్రాలు ఆమోదించడంతో 13వ సవరణ రాజ్యాంగంలో భాగమైంది. ఆ యుద్ధంలో సుమారు 1,80,000 మంది నల్ల సైనికులు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. దాదాపు 40 వేల మంది తిరిగి రాలేదు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది తూటాలు కావు, రోగాలు.

తర్వాత 30 ఏళ్లు

బానిసత్వం పోయింది కదా, ఇక సంఘాలు మూసేద్దామని కొందరు అన్నారు. ఓటు లేనిదే పని పూర్తి కాదని డగ్లస్ అన్నాడు. 1870లో 15వ సవరణ నల్లజాతి మగవాళ్లకు ఓటు ఇచ్చింది. ఆడవాళ్ల ఓటు కోసం 1848 నుంచే గొంతెత్తినవాడు ఆయన. 1877లో తన పాత యజమాని థామస్ ఆల్డ్ మంచాన ఉన్నాడని తెలిసి వెళ్లి చూశాడు. 1889లో హైతీ దేశానికి అమెరికా ప్రతినిధిగా వెళ్లాడు. కళ్లముందే దక్షిణాదిలో నల్లవాళ్ల హక్కులు ఒక్కొక్కటే ఊడిపోవడం, మూకలు మనుషులను చంపడం చూసి చివరిదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. 1895 ఫిబ్రవరి 20న ఆడవాళ్ల సభకు వెళ్లి ఇంటికి వచ్చిన సాయంత్రమే గుండె ఆగి కన్నుమూశాడు.

ఆయన జీవితంలో ఒక వెలితి కూడా చెప్పుకోవాలి. ఆయన పారిపోవడానికి సాయపడి, 44 ఏళ్లు ఇల్లు నడిపిన అన్నాకు చదువు పెద్దగా రాలేదు. లోకానికి అక్షరం గొప్పదనం చెప్పిన ఇంట్లో అది మిగిలిపోయింది.

అమెరికా చేసిన పని మన దేశంలో ఒకరు శ్రద్ధగా గమనించారు. పుణెలో జోతిరావ్ ఫులే 1873లో అచ్చువేసిన ‘గులామ్‌గిరి’ని, బానిసత్వాన్ని తీసేయడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. సావిత్రీబాయితో కలిసి ఆడపిల్లలకు, అంటరానివారని దూరం పెట్టిన పిల్లలకు బడులు పెట్టిన మనిషి ఆయన. మహారాష్ట్రలో చదివే మన పిల్లలు ఆ పేరు రోజూ వింటారు.

పిల్లలూ, మన బడుల కష్టాలు మనకున్నాయి. తెలుగు పుస్తకం ఆలస్యంగా రావచ్చు, తరగతిలో పదిమందే ఉండవచ్చు. వాటిని బానిసత్వంతో పోల్చకూడదు, ఆ బాధ వేరు. కానీ ఎవరైనా మీకు ఈ అక్షరాలెందుకు అంటే, డగ్లస్ యజమాని ఎందుకు భయపడ్డాడో గుర్తు చేసుకోండి. పెద్దవాళ్లను ఏదైనా అడగవలసి వస్తే, ఆయనలాగా కావలసినవి లెక్కపెట్టుకుని, స్పష్టంగా, తల దించకుండా అడగండి. మూడు అడిగితే ఆ రోజు ఒక్కటీ పూర్తిగా దొరకకపోవచ్చు. ఆయనకూ దొరకలేదు. అయినా మర్నాటి నుంచి పని ఆపలేదు.